తుడిచేసిన బుగ్గ

ఆయన మనిషిని నేరుగా కళ్ళల్లోకి చూసి పలకరించడం నేనెప్పుడూ చూడలేదు. ముందు నుదురు, తర్వాత కళ్ళ కింద, ఆ పైన రెండు బుగ్గలు, చివరికి గడ్డం. మొహమంతా ఒకసారి చుట్టి వచ్చాక గానీ "ఏం సార్, మంచిగున్నరా" అనేవారు కాదు. ఆబిడ్స్‌లో ఒక పాత ఫొటో స్టూడియోలో నలభై ఏళ్ళకు పైగా ఆయన పని టచింగ్. మొహాల మీద మొటిమలు, మచ్చలు, గాట్లు, ముడతలు తుడిచేయడం. అందరూ మాస్టర్ అనేవారు, నేనూ అలాగే పిలిచేవాణ్ణి.

పోయిన నెల నిద్రలోనే గుండె ఆగి పోయారు. నాకు ఆయన మీద కోపం ఇంకా తగ్గలేదు. పోయిన మనిషి మీద కోపమేమిటని మా ఆవిడ అంటుంది. నిజమే. కానీ తగ్గలేదు.

ఆయన పరిచయమైందే ఒక గొడవతో. నేను పత్రికలో డెస్కు మీద పనిచేసే రోజులు. మా ఆఫీసు గన్‌ఫౌండ్రీలో. ఖైరతాబాద్ గణేశుణ్ణి చూడటానికి వెళ్ళిన ఒక పెద్దమనిషి గుంపులో తప్పిపోయాడు. ఇంటివాళ్ళు 'కనబడుట లేదు' ప్రకటన ఇచ్చారు. కింద వివరాల్లో 'ఎడమ కనుబొమపై లోతైన గాటు' అని స్పష్టంగా ఉంది. పైన ఫొటోలో కనుబొమ నున్నగా ఉంది. మర్నాడు ఆయన కొడుకు పేపరు పట్టుకొని డెస్కు మీదికి వచ్చాడు. గుర్తు పట్టాల్సిన గాటునే మేం చెరిపేశామని అతని ఆరోపణ. మేం ఫొటోను ముట్టుకోలేదు. తీగ లాగితే ఆబిడ్స్‌లోని స్టూడియోలో తేలింది. పాత గ్రూపు ఫొటోలోంచి తండ్రి మొహాన్ని పెద్దది చేయించడానికి ఆ కొడుకే అక్కడికి వెళ్ళాడు.

నేను నడుచుకుంటూ వెళ్ళి నిలదీశాను. మాస్టర్ వాలు బల్ల ముందు కూర్చుని, నెగెటివ్ మీద మచ్చలు కప్పే పెన్సిల్‌ను గరుకు కాగితం మీద సూది మొనలా నూరుతున్నారు. తల ఎత్తకుండానే, "పేపర్ల వస్తది అన్నరు సార్. వేల మంది చూస్తరు. గంత మందికి గా గాటు చూపెట్టుడు బాగుంటదా?" అన్నారు.

"ఆ గాటు చూసే గదండీ మనిషిని పట్టుకోవాలి!"

"ఔ," అన్నారు. "గది నాకు తట్టలే." అని మళ్ళీ పెన్సిల్ నూరుకున్నారు.

మూడో రోజు ఆ పెద్దమనిషి తనంతట తానే ఇంటికి వచ్చేశాడు. నాకు స్టూడియో నుంచి ఫోను. "దొరికిండంట గద సార్. ఊకె పరేషాన్ అయిన్రు మీరు."

అదీ ఆయన వరస. తప్పు చేస్తారు, అదృష్టం వచ్చి ఆయన పక్కన నిలబడుతుంది, ఆ అదృష్టాన్ని రుజువు కింద చూపిస్తారు. ఇలాంటి మనిషితో వాదించి గెలిచినవాడు లేడు. అయినా మా స్నేహం ముప్పై ఏళ్ళు నడిచింది. ఎందుకంటే పనిలో ఆయనకున్నంత శ్రద్ధ నేను ఇంకెవరిలోనూ చూడలేదు. పెన్సిల్ పోయి కంప్యూటరు వచ్చింది. నెగెటివ్ మీద రాలిన పెన్సిల్ పొడిని ఊదే అలవాటు మాత్రం పోలేదు. మౌస్‌తో ఒక మచ్చ తుడవగానే తెర మీద ఉఫ్ అని ఊదేవారు. కొత్త గిరాకీలు నవ్వుకునేవారు.

"మచ్చ మనిషిది కాదు సార్," అనేవారు. "నిన్న వచ్చింది, రేపు పోతది. ఫొటో ఉంటది."

ఇంకో అలవాటు చెప్పాలి, అసలు కథంతా దాని మీదే ఉంది కనుక. రోజూ పొద్దున షట్టర్ ఎత్తాక, మొదటి గిరాకీ రాకముందు, ఆయనే స్టూలు మీద కూర్చుని తన ఫొటో తానే తీసుకునేవారు. లైట్లు సరిగా ఉన్నాయా, రంగు సరిగా వస్తోందా, ప్రింటరు గీతలు పెడుతోందా చూసుకోవడానికి. పాస్‌పోర్టు సైజులో ఒకటి ప్రింటు తీసి పొడుగాటి నోట్‌బుక్‌లో అంటించి కింద తారీఖు వేసేవారు. దుకాణం తెరిచిన ప్రతిరోజూ ఆయన మొహం అందులో ఉంటుంది. ఎన్నో నోట్‌బుక్కులు నిండాయి.

జనవరిలో నాంపల్లి ఎగ్జిబిషన్, అదే నుమాయిష్, మొదలైన వారం నేను పింఛను కాగితాల కోసం ఫొటో దిగడానికి వెళ్ళాను. అప్పుడు ఆయన ఎడమ బుగ్గ మీద, ముక్కుకు కొంచెం ఎడంగా, మొటిమంత ఎర్రగా ఒకటుంది. దోమ కుట్టిందన్నారు. మూడు వారాలకు శనగగింజంత అయింది. నుమాయిష్ డేరాలు విప్పుతున్న రోజుల్లో చూస్తే రేగిపండంత ఉంది. అంచు గుండ్రంగా, ఎత్తుగా, నిగనిగలాడుతూ, నడుమ గుంట, ఆ గుంటలో ఎండిన గోరు ముక్కలాంటిదేదో బిరడాలా దిగి ఉంది. మాట్లాడుతూ మాట్లాడుతూ దాన్ని గోటితో గిల్లుతున్నారు.

"మాస్టర్, దీన్ని ఎవరికైనా చూపించారా?"

"ఎందుకు సార్? మొటిమ."

"మొటిమ ఆరు వారాల్లో రేగిపండు అవుతుందా?"

"ఎండలు మొదలైతున్నయి గద. వేడి." అని కంప్యూటరు వైపు తిరిగి ఎవరి బుగ్గనో ఉఫ్ అని ఊదారు.

ఆయన భార్య నాకు ఫోను చేసింది. "అన్నా, చెప్పి చెప్పి నా నోరు ఎండింది. మీ మాటన్న ఇంటడేమో." ఆమె గొంతులో భయం నాకు ధైర్యమిచ్చింది. మర్నాడు దాదాపు చెయ్యి పట్టి లాక్కెళ్ళినట్టే నాంపల్లి స్టేషన్ రోడ్డులో ఒక చర్మ వైద్యురాలి దగ్గరికి తీసుకెళ్ళాను. నలభై ఏళ్ళ మనిషి, నెమ్మదస్తురాలు. చిన్న లైటున్న భూతద్దం పెట్టి చాలాసేపు చూసింది.

"ఎప్పటి నుంచి ఉంది అంకుల్?"

"ఐదారేండ్ల సంది ఉందమ్మా," అన్నారు మాస్టర్, రెప్ప కూడా ఆర్పకుండా.

నేను కుర్చీలోంచి లేచాను. "ఐదారేళ్ళా! నుమాయిష్ మొదలైన వారం ఇది మొటిమంత. నేను చూశాను."

డాక్టరమ్మ మా ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. "ఇది చిన్న తేడా కాదండీ. ఏళ్ళ తరబడి మెల్లగా పెరిగితే నేను ఒక రకంగా ఆలోచించాలి. వారాల్లో పెరిగితే ఇంకో రకంగా. ఈ మధ్య తీసిన ఫొటోలేమైనా ఉన్నాయా?"

నాకు నోట్‌బుక్కు గుర్తొచ్చింది. ఉన్నాయండీ, రోజుకొకటి, తారీఖులతో సహా ఉన్నాయి అని ఎంత గర్వంగా చెప్పానో! ఆమెకు కూడా ఆశ్చర్యమేసింది. ఇప్పుడు ఎలా ఉందో ఒకటి తీసిపెట్టుకుంటానని ఫోన్ తీసింది. మాస్టర్ అరచేత్తో బుగ్గ మూసేశారు.

"వద్దమ్మా. గిట్లున్నప్పుడు వద్దు. తగ్గినంక తియ్యి."

బయటికి వచ్చాక ఒక ఇరానీ హోటల్లో కూర్చోబెట్టి అడిగాను, అబద్ధం ఎందుకు చెప్పారని. సాసర్‌లో చాయ్ పోసుకొని ఊదుకున్నారు. "పాతదంటే ఇడిచిపెడ్తరు అనుకున్న సార్. కొత్తదంటే కోస్తరు. కత్తి తగిలితే పాకుతది. మా దోస్తు ఒకాయనకు నాలిక మీద గట్లనే కోసిన్రు. మూడు నెలలల్ల పోయిండు."

"ఆయనకు అప్పటికే ముదిరిపోయి ఉంటుంది మాస్టర్. కోసినందుకు కాదు."

"ఏమో సార్. కొయ్యకముందు మంచిగ నడుస్తుండె."

మర్నాడు మాస్టర్‌ను వెంటబెట్టుకుని, నోట్‌బుక్కు నా చేతుల్లోనే పట్టుకెళ్ళాను. తెరవడం మాత్రం డాక్టరమ్మే తెరిచింది. జనవరి మొదటి పేజీ. మాస్టర్ మొహం నున్నగా ఉంది. సరే, అప్పటికి రాలేదనుకున్నాం. రెండో వారం, మూడో వారం, నున్నగానే ఉంది. ఫిబ్రవరిలోనూ నున్నగానే ఉంది. ఆమె బొటనవేలితో పేజీలు వేగంగా తిప్పింది. చొక్కాలు మారుతున్నాయి, ఒకచోట గడ్డం మాసి ఉంది, ఒకచోట జుట్టు కత్తిరించి ఉంది. ఎడమ బుగ్గ మాత్రం ఎక్కడా మారలేదు.

"అంకుల్, ఈ రోజు పొద్దున తీసింది ఏది?"

ఆయన చివరి ఫొటో మీద వేలు పెట్టారు. అందులోనూ బుగ్గ అద్దంలా ఉంది. ఎదురుగా రేగిపండంత గడ్డతో మనిషి కూర్చుని ఉన్నాడు.

"మరి ఇదీ?" అంది ఆమె, ఆయన బుగ్గ వైపు చూపిస్తూ.

"గది తుడిచిన అమ్మా."

"టెస్టు ఫొటోను ఎవరైనా టచింగ్ చేస్తారా?" నేను అరిచాను.

"ప్రింటు ఎట్ల వస్తదో చూడాలంటే పని మొత్తం అయినంక చూడాలె గద సార్. సగం పనికి ప్రింటు తీస్తరా?"

"అసలు ఫొటోలు? తుడవకముందువి?"

"దాని మీదనే సేవ్ చేస్త. కంప్యూటర్ల జాగ ఏడుంది?"

డాక్టరమ్మ నోట్‌బుక్కు మూసింది. నవ్వు ఆపుకుందో విసుగు ఆపుకుందో తెలియలేదు. నేను మాత్రం తల పట్టుకున్నాను. రోజుకొక సాక్ష్యం, తారీఖుతో సహా. ఒక్కటీ నిజం కాదు.

ఆమె ఓపికగా చెప్పింది. ఆ మాటలు నాకు బాగా గుర్తున్నాయి, తర్వాత చాలాసార్లు వాటిని వేరేవాళ్ళకి చెప్పాల్సి వచ్చింది కనుక. "ఈ సార్ చెప్పినట్టు ఆరేడు వారాల్లోనే ఇంత పెరిగితే, నా అనుమానం కెరటోఅకాంథోమా అనే గడ్డ మీద. ఎండ తగిలే చోట, పెద్ద వయసులో వస్తుంది. మన రంగు వాళ్ళకు తక్కువే, కానీ రాదని లేదు. ఎత్తయిన అంచు, నడుమ గుంట, అందులో ఈ గట్టి బిరడా, అన్నీ దానికే సరిపోతున్నాయి. పెరిగే తీరు చూస్తే భయమేస్తుంది గానీ పాకే గుణం చాలా తక్కువ. కొన్ని అయితే కొన్ని నెలలకు వాటంతట అవే ఎండి పోతాయి."

"గదే! అదే పోతది," అన్నారు మాస్టర్.

"పూర్తిగా వినండి అంకుల్. అచ్చం ఇలాగే కనిపించే నిజమైన చర్మ క్యాన్సర్ ఇంకొకటి ఉంది. పైకి చూసి ఈ రెంటినీ విడదీయడం నా వల్ల కాదు, ఎవరి వల్లా కాదు. అందుకే అడుగుతో సహా మొత్తం తీసి పరీక్షకు పంపుతాం. పైపైన గోకి పంపితే తేలదు. కత్తి పెడితే పాకదు. ఇప్పుడైతే సన్నటి గీత మిగులుతుంది. గురువారం పదింటికి రండి. అరగంట పని."

గురువారం పదింటికి నేను వెళ్ళి బెంచీ మీద కూర్చున్నాను. పదకొండయింది. పన్నెండయింది. ఫోను చేస్తే, "గిరాకి మస్తుంది సార్. ఉద్యోగాల అప్లికేషన్లకు పోరగాండ్లు లైన్ కట్టిన్రు. జర ఆగుదాం తియ్యండ్రి," అన్నారు. తర్వాతి గురువారం తలనొప్పి. ఆ తర్వాత ఎవరిదో పెండ్లి. ఆయన ఆ గడ్డ మీద చిన్న ప్లాస్టరు అంటించుకుని కూర్చునేవారు, మొహాలు తుడిచేవారు, ఊదేవారు. డాక్టరు చెప్పిన అన్ని మాటల్లో 'అదే పోతుంది' ఒక్కటే ఆయనకు వినబడింది. మిగతావన్నీ తుడిచేసుకున్నారు.

ఏప్రిల్‌లో ఒకరోజు ఓపిక తెగింది. గిరాకీల ముందే గట్టిగా అన్నాను: "మీరు మీ ఒక్కరి కోసం బతకడం లేదు. అది చెడ్డది అయితే మీ ఇంటావిడ గతేమిటి?"

ఆయన మౌస్ వదిలేశారు. మొట్టమొదటిసారి నేరుగా నా కళ్ళల్లోకి చూశారు. "చెడ్డదైతే గది నాకు తెల్వద్దు సార్," అన్నారు, మెల్లగా.

చెప్పుల చప్పుడు చేసుకుంటూ బయటికి వచ్చేశాను. మూడు నెలలు అటు వెళ్ళలేదు.

బోనాల సమయంలో ఆయనే ఫోను చేశారు. "జర రండ్రి సార్. ఒకటి చూపెట్టేదుంది." వెళ్ళాను. ప్లాస్టరు లేదు. బుగ్గ మీద గడ్డ లేదు. దాని స్థానంలో వేలికొసంత గుంట, అంచులు కొంచెం ముడుచుకుని, తెల్లగా. ఆయన కుర్చీలో వెనక్కి వాలి, నేను చూడటాన్ని చూస్తున్నారు.

"పోయింది గద సార్. ఊకె పరేషాన్ అయిన్రు మీరు."

సంతోషించాలి. సంతోషించాను కూడా. కానీ ఒళ్ళు మండింది. ఆ సాయంత్రమే మళ్ళీ డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్ళాను. ఈసారి ఆయనే గర్వంగా ముందు నడిచారు. ఆమె గుంటను నొక్కి చూసింది, మెడ తడిమి చూసింది. "మంచిదే అంకుల్. మీ అదృష్టం. కానీ అది ఏమిటన్నది ఇక ఎవరూ చెప్పలేరు. పరీక్ష చేసే వస్తువే పోయింది. రెండు నెలలకొకసారి వచ్చి చూపించుకోండి. మళ్ళీ ఎక్కడైనా ఏదైనా లేస్తే, ఆ వారమే రండి." ఆయన బుద్ధిగా తలూపారు. మళ్ళీ వెళ్ళలేదు.

దసరా దాటాక పోయారు. బుగ్గకూ దానికీ సంబంధం లేదు.

గౌలిగూడలో ఆయన తమ్ముడి ఇంట్లో దినాలు చేశారు. తమ్ముడికి అక్కడే పార్సిల్ బుకింగ్ ఆఫీసు ఉంది, అన్నకన్నా ఆరేళ్ళు చిన్న, బస్సుల మీద సరుకు ఎక్కించి దించి ఎండలో కాలిన మనిషి. భోజనాల వరసలో నా పక్కన కూర్చున్నాడు. నీళ్ళ గ్లాసు అందుకుంటుంటే ఆయన కుడిచేతి వెనక, మణికట్టుకు పైన, ఒక గరుకు గడ్డ కనబడింది. గుండ్రంగా లేదు. అంచులు ఎటుపడితే అటు పాకి ఉన్నాయి. మీద ఎండిన రక్తం.

"ఇదేమిటండీ?"

"గిదా సార్? రెండేండ్లు దాటింది. మెల్లగ పెరుగుతుంది. అప్పుడప్పుడు రక్తం కారుతది, అంతే."

"ఎవరికైనా చూపించారా?"

ఆయన నవ్వాడు. "అన్నకు గిట్లనే లెవ్వలే? మీరు దవాఖానకు తీస్కపొయ్యిన్రంట, కోపానికి వచ్చిన్రంట, అన్నీ చెప్పిండు. ఆఖరికి అదే పోయింది గద. ఇది గూడ పోతది."

చేతిలో ముద్ద ఆకులో వదిలేశాను. "అది వేరు, ఇది వేరు. ఆయనది ఆరు వారాల్లో రేగిపండంత లేచింది. మీది రెండేళ్ళుగా మెల్లగా పెరుగుతోంది. ఇలాంటిది ఎండి రాలిపోదు. వెంటనే చూపించాలి."

"రేగిపండంతనా!" ఆయన నిజంగా ఆశ్చర్యపోయాడు. "ఏడుండె సార్ గంత? ఏదో చిన్న మొటిమ. మూడు నెలలు ప్లాస్టర్ పెట్టుకుండు, మేం సరిగ్గ చూడనే లేదు. ఆగండ్రి." ఎడమచేత్తో వెనక అల్మరా తలుపు లాగి ఆ నోట్‌బుక్కు తీసి నా ముందు పెట్టాడు. "స్టూడియోకెల్లి మొన్ననే తెచ్చినం. దినాం ఫొటో ఉంది. మీరే చూడండ్రి, ఏడుందో."

చూడక్కర్లేదు. నాకు తెలుసు. ఫిబ్రవరి, మార్చి, ఏప్రిల్, మే. ఎక్కడా ఏమీ లేదు. మాస్టర్ నాతో చేసిన వాదం ఆయన పోయాక కూడా తారీఖులతో సహా నడుస్తోంది. కాదని చూపించడానికి నా దగ్గర ఒక్క కాగితం లేదు. జేబులో కెమెరా ఉన్న ఫోను పెట్టుకుని ఆ ఏడు నెలలూ తిరిగాను. జీవితమంతా ఇతరుల్ని ఆధారం అడిగి బతికిన నాకు ఒక్క ఫొటో తీయాలని తట్టలేదు.

ఎడమచేత్తో ఫోను తీశాను. "ఆ చెయ్యి ఇటు పెట్టండి."

"ఎందుకు సార్?"

"పెట్టండి."

ఆయన గ్లాసులో వేళ్ళు తడిపి ఎండిన రక్తం మీద రుద్దబోయాడు. "జర ఆగండ్రి, తుడుస్త."

"తుడవకండి!" అన్నాను. వరసలో అందరూ తిరిగి చూశారు. ఆయన చెయ్యి గాల్లోనే ఉండిపోయింది. రెండు ఫొటోలు తీసి ఫోను ఆయన చేతికిచ్చాను. ముందు మామూలుగా చూశాడు. తర్వాత కళ్ళద్దాలు పెట్టుకున్నాడు. రెండు వేళ్ళతో పెద్దది చేశాడు. తెర నిండా పగిలిన అంచులు, నల్లటి రక్తం. చేతి వైపు చూశాడు, మళ్ళీ తెర వైపు.

"గింత ఉన్నదా సార్ ఇది?"

"అంతే ఉంది. రేపు పదింటికి నేనే మీ ఆఫీసుకు వస్తాను. నాంపల్లి వెళ్దాం."

వడ్డించే ఆమె వచ్చి అన్నం పెట్టనా అని రెండుసార్లు అడిగింది. ఆయన ఫోను తిరిగి ఇవ్వలేదు. ఇంకా చూస్తూనే ఉన్నాడు.